కొబ్బరి ఈనెల చీపురు: మట్ట ఎంచుకున్న దగ్గర్నుంచి కట్టు బిగిసేదాకా

బజారులో కొన్న ఈనెల చీపురు నెల తిరక్కుండానే పుల్లలు రాల్చిందంటే పుల్లలు చెడ్డవని కాదు, వాటిని పచ్చిగానే కట్టేశారని అర్థం. ఈనె ఆరేకొద్దీ సన్నబడుతుంది. దాని చుట్టూ వేసిన కట్టు మాత్రం వేసిన నాటి కొలతలోనే ఉండిపోతుంది. ముందు నడిమి పుల్లలు జారతాయి, వాటి వెనక పక్కవీ కదులుతాయి, ఇక రోజూ ఎత్తిపోసే చెత్తలో రెండు మూడు చీపురుపుల్లలు కూడా ఉంటాయి. ఇంట్లో చీపురు కట్టుకుందామనుకునేవాళ్లు తాడు గురించి తర్వాత ఆలోచించవచ్చు, ముందు ఎండ సంగతి చూసుకోవాలి.

చెన్నైలో సరుకుకి కొదవ లేదు. మైలాపూరు, అడయారు, నంగనల్లూరు వైపు పాత ఇళ్ల పెరళ్లలో, ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) పొడుగునా నీలాంగరై, ఇంజంబాక్కం తోటల్లో కొబ్బరిచెట్లు ఇంకా బాగానే ఉన్నాయి. కాయలు దింపేవాడు చెట్టు ఎక్కిన రోజున పండు మట్టలన్నీ కొట్టేసి గేటు పక్కన పడేసి పోతాడు. కార్పొరేషన్ బండి వచ్చేలోపు అడిగితే ఎవరూ కాదనరు, పైగా సందు ఖాళీ అయిందని సంతోషిస్తారు.

ఎలాంటి మట్ట కావాలి

చెట్టుకి కింది వరసలో వేలాడుతూ పసుపు తిరిగిన మట్ట అన్నిటికన్నా మేలు. ఈనె ముదిరి ఉంటుంది, సాగుడూ పోదు. నిటారుగా పచ్చగా ఉన్న మట్టని చీపురు కోసం నరికించకండి. ప్రతి గెలా ఒక మట్ట మొదట్లోనే పుడుతుంది, ఆ మట్టే దానికి ఆసరా. అది పోతే గెల జారి వేలాడుతుంది, చెట్టుకి తిండి తయారుచేసే ఆకూ తగ్గుతుంది. తుఫానుకి విరిగిపడిన పచ్చి మట్టలైతే నిరభ్యంతరంగా వాడుకోవచ్చు, కాకపోతే ఆరడానికి రెండు రోజులు ఎక్కువ పడుతుంది.

ఎండి రాలిపడిన గోధుమరంగు మట్ట కూడా పనికొస్తుంది, వానలో నాని నేల మీద పడి ఉండకపోతే. చూడడం తేలిక. మట్ట నడిమి భాగంలోంచి ఒక ఆకు తెంపి, దాని ఈనెను కొన వైపు సగం మణికట్టుకి చుట్టండి. చుట్టుకుని, వదలగానే విచ్చుకుంటే మంచిది. పుటుక్కున విరిగితే ఆ మట్టని వదిలెయ్యండి. బాగా ఎండిన మట్టైతే ఆకులు కోసి ఒక రాత్రి నీళ్లలో నానబెట్టాకే ఈనె తియ్యాలి, లేకపోతే కత్తి తగిలిన చోటల్లా తునిగిపోతుంది.

ఆకులు త్రికోణంగా కత్తిరించినట్టు కనబడితే కొమ్ముపురుగు పని అది. మొవ్వులో ముడుచుకుని ఉన్నప్పుడే పురుగు తొలుస్తుంది, ఆకు విచ్చుకున్నాక ఆ కోత వరసగా కనిపిస్తుంది. అలాంటి మట్టలో ఈనెలు సగానికే తెగి ఉంటాయి, చీపురుకి పొడవు చాలదు. ఆకు మీద నల్లటి మసి పట్టి ఉంటే మాత్రం భయపడనక్కర్లేదు. 2016లో పొల్లాచ్చి తోటల్లో కనబడ్డ సర్పిలాకార తెల్లదోమ ఆ తర్వాత దక్షిణాదంతా పాకింది. ఆ తెల్లదోమ విసర్జించే జిగురు మీద పెరిగే బూజే ఈ మసి. ఆకుకి చెరుపేగానీ ఈనెకి కాదు. చేతులు నల్లబడకుండా ముందు ఒకసారి కడిగేసుకుంటే సరి.

ఒక మట్ట పొడవు 15 నుంచి 18 అడుగులు, రెండు పక్కలా కలిపి 200 నుంచి 250 ఆకులు. మొదట్లోవీ చివరవీ పొట్టివి. నడిమి మూడో వంతులోనే మూడడుగులు దాటే ఈనెలు దొరుకుతాయి. వాకిలి ఊడ్చే మామూలు చీపురుకి 230 నుంచి 250 పుల్లలు కావాలి, ఆరాక బరువు నాలుగు వందల గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. ఏరివేత పోగా ఒక చీపురుకి రెండు మట్టలు లెక్క వేసుకుంటే తక్కువ పడదు.

ఈనె తియ్యడం

పదును తగ్గిన చిన్న కత్తి తీసుకోండి. కొత్త కత్తీ, కత్తిపీటా ఇందుకు పనికిరావు. పదును ఎక్కువైతే ఆకుని వదిలి ఈనెలోకి దిగుతుంది, చిన్న గాటు పడినా తర్వాత పుల్ల అక్కడే విరుగుతుంది. ఆకుని మట్ట నుంచి తెంపి, లావు వైపు ఎడమచేత్తో పట్టుకోండి. అక్కడ ఈనెకి ఇటూ అటూ ఆకుని రెండంగుళాలు చీల్చి వదులు చెయ్యాలి. కత్తిని ఈనెకి ఆనించి కదలకుండా పట్టి, ఈనెనే లాగండి. కత్తి ఎప్పుడూ మొదలు నుంచి కొనకే పోవాలి. కొన నుంచి మొదలుకి లాగితే సన్నటి భాగం మెలిపడి తెగుతుంది. ఒక పక్క అయ్యాక రెండో పక్క, ఆ తర్వాత ఈనెను తిప్పుతూ ఇంకొక్క గీకుడు. ఆకు పీలికలు అంటుకుని ఉంటే అక్కడ తేమ నిలిచి బూజు పడుతుంది, ఊడ్చేటప్పుడు దుమ్ము కూడా వాటికే పట్టుకుంటుంది.

ప్రతి ఈనెకీ మొదట్లో, మట్టకి అతుక్కున్న చోట, కాస్త ఉబ్బు ఉంటుంది. ఆ అంగుళం కోసెయ్యాలి. అది ఉంటే పుల్లలు ఒకదానికొకటి ఆనవు, కట్ట చూడ్డానికి లావుగా ఉండి లోపల డొల్లగా ఉంటుంది.

తీసిన ఆకుల్ని తగలబెట్టకండి. చెట్ల మొదళ్లలో పరిస్తే నీరు ఆరకుండా కాపాడతాయి.

ఎండ

మిద్దె మీద పలచగా, ఒక వరసే పరచండి. మొదటి రెండు రోజులు పూటకోసారి తిరగెయ్యాలి. మూడో రోజు గుప్పెడు గుప్పెడుగా తీసి రెండు చోట్ల వదులుగా దారం కట్టి పడుకోబెట్టండి. ఇలా చెయ్యకపోతే ఈనెలు ఇష్టమొచ్చినట్టు వంకర తిరిగి ఆరతాయి, ఆరాక వాటిని సరిచెయ్యడం ఎవరి తరమూ కాదు. మొదటి రోజే కట్టలు కట్టేస్తే మధ్యలో తేమ ఇరుక్కుని నల్లమచ్చలు వస్తాయి.

చెన్నైలో ఇంకో చిక్కుంది. వేసవి మధ్యాహ్నాల్లో సముద్రపు గాలి తిరిగిందంటే గాలిలో తేమ పెరుగుతుంది. రాత్రి బయట వదిలేస్తే పగలంతా పోయిన తడి తెల్లారేసరికి కొంత తిరిగి వచ్చేస్తుంది. పొద్దున ఎనిమిదింటికి వేసి, పొద్దు వాలకముందే తీసి ఇంట్లో పెట్టుకోవడం అలవాటు చేసుకోవాలి. మంచి ఎండలో నాలుగైదు రోజులు చాలు, పచ్చి మట్టలవైతే వారం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలున్నప్పుడు ఈ పని పెట్టుకోవద్దు. ఫ్యాను కింద ఆరబెట్టినవి చేతికి పొడిగా తగులుతాయి, లోపల పచ్చి ఉంటుంది. సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టి ఎండాకాలమంతా చేసుకోవచ్చు.

ఆరిందో లేదో రంగు చూసి చెప్పలేం. రెండు పరీక్షలున్నాయి. గుప్పెడు పుల్లలు పట్టుకుని మొదళ్లు నేలకేసి కొట్టండి: ఆరినవి గలగలమంటాయి, ఆరనివి దబ్‌మంటాయి. ఇంతకంటే నమ్మకమైనది తూకం. ఒక గుప్పెడు కట్టని గుర్తుపెట్టుకుని వంటింటి కాటా మీద రోజూ సాయంత్రం తూచండి. వరసగా రెండు రోజులు బరువు మారకపోతే కట్టుకోవచ్చు.

కట్టు

ముందు పొడవు చూసి మూడు కుప్పలు చేసుకోండి: మూడడుగులు దాటినవి, రెండున్నర నుంచి మూడు, అంతకన్నా పొట్టివి. మొదటి రెండు కుప్పల్నీ కలిపి పెద్ద చీపురు, మూడోది స్నానాలగదికి చిన్న చీపురు. పెద్దదానిలో పొట్టివి లోపల, లావుగా పొడవుగా ఉన్నవి చుట్టూ రావాలి. పొట్టివి లోపల్నించి దన్నుగా ఉంటాయి, వంపు మొత్తం చుట్టుపుల్లల మీద పడదు.

పుల్లల మొదళ్లన్నీ ఒకే వైపు ఉండాలి, ఒక్కటి కూడా తలకిందులు కాకూడదు. ఈనె మొదట్లో లావు, కొనకి సన్నం. ఊడ్చేటప్పుడు లాగుడు కొన వైపు పడుతుంది, లావు మొదలు కట్టులోంచి రాలేక ఇరుక్కుంటుంది. కట్టు సగం పని ఈ ఆకారమే చేస్తుంది. తిరగేసి పెట్టిన పుల్లకి ఆ ఆనుపు ఉండదు, మొదట ఊడేది అదే, అది పోయిన సందులోంచి పక్కవి వదులవుతాయి.

కట్టని చేత్తో కూడగట్టి మొదళ్లు నేలకేసి తట్టి సమం చేశాక, పాత సైకిల్ ట్యూబులోంచి కోసిన వేలెడు వెడల్పు రబ్బరు పట్టీ రెండు చోట్ల లాగి చుట్టండి. ఇది తాత్కాలికం. రబ్బరు పట్టీతోనే వదిలేసినవీ బజారులో కనబడతాయి. ఎండకి రబ్బరు పగిలేదాకే వాటి ఆయువు.

అసలు బిగింపు చేతి బలంతో రాదు, ఒంటి బరువుతో రావాలి. గట్టి తాడు ఒక కొసను కిటికీ ఊచకో, మిద్దె మీద బట్టలారేసే ఇనుప గుంజకో నడుం ఎత్తులో కట్టండి. రెండో కొసకి అడ్డంగా ఒక చిన్న కర్ర కట్టి, తాడుకి ఎదురుగా పీట మీద కూచుని ఆ కర్రను రెండు పాదాల కిందా తొక్కిపట్టండి. కట్ట చుట్టూ తాడుని ఒక్క చుట్టు తిప్పి, కట్టని రెండు చేతులా పట్టుకుని మెల్లగా వెనక్కి వాలాలి. చుట్టు బిగుస్తుంది. అలా బిగించి ఉంచుతూనే కట్టని ముందుకీ వెనక్కీ దొర్లించండి. పుల్లలు కిర్రుమంటూ ఒకదాని సందులోకి ఒకటి సర్దుకుంటాయి, పలకలుగా ఉన్న కట్ట గుండ్రనవుతుంది. ఇంక చప్పుడు రాకపోతే సర్దుబాటు అయిపోయినట్టు. తాడు పక్కనే రబ్బరు పట్టీని మళ్లీ బిగించి, అప్పుడు తాడు వదలాలి. ఈ దొర్లించడం మానేసి నేరుగా కట్టు వేస్తే ఎంత గట్టిగా చుట్టినా వారం వాడేసరికి పుల్లలు తమంతట తామే సర్దుకుని కట్టు వదులవుతుంది.

ఇలా నొక్కాక మొదట్లో కట్ట మందం నాలుగున్నర సెంటీమీటర్లకి అటూ ఇటూగా రావాలి. గుప్పిట్లో పట్టుకుంటే బొటనవేలు మధ్యవేలి కొనకి తగిలీ తగలనట్టుండాలి. అంతకంటే లావైతే వాడేవాళ్ల మణికట్టు లాగుతుంది, పుల్లలు తీసెయ్యండి.

కట్లు మూడు. మొదటిది మొదళ్ల నుంచి రెండు వేళ్ల దూరంలో, రెండోది బెత్తెడు దాటాక, మూడోది జానెడు దగ్గర. ఒక్కో కట్టుకి 3 మిల్లీమీటర్ల తాడు బారన్నర కావాలి. ముడి పైకి కనబడకుండా వెయ్యడం ఇలా: తాడు ఒక కొసను మడిచి బెత్తెడు పొడవు ఉచ్చు చేసి, కట్ట పొడుగునా పరచండి. ఉచ్చు మడత కొనల వైపు ఉండాలి, పొట్టి తోక మొదళ్ల వైపు వేలాడాలి. పొడుగు కొసతో మొదళ్ల వైపు నుంచి మొదలుపెట్టి ఉచ్చు మీదుగానే చుట్టు పక్కన చుట్టు ఆనేలా పది పన్నెండు చుట్లు చుట్టండి. ప్రతి చుట్టునీ పక్కకి లాగి బిగించాలి, చివర్లో అన్నీ కలిపి బిగిద్దామంటే కుదరదు. ఆఖరి చుట్టు కాగానే కొసను ఉచ్చులోకి దూర్చి, మొదళ్ల వైపు తోకను లాగండి. ఉచ్చు చుట్ల కిందికి పోతూ కొసను కూడా లోపలికి ఈడ్చుకుపోతుంది. చుట్ల మధ్యకి చేరగానే ఆపెయ్యాలి. అత్యుత్సాహంతో పూర్తిగా లాగితే కొస అవతలికి వచ్చేసి కట్టంతా విప్పుకుంటుంది. రెండు తోకలూ మొదలంటా కోసెయ్యండి. నైలాను అయితే కోసిన కొసకి అగ్గిపుల్ల చూపించాలి.

తాడు ఏది మంచిదంటే చీపురు ఎక్కడ వాడతారన్నదే లెక్క. నీళ్లతో కడిగే చోటికి నైలాను. మట్టి వాకిలికి సన్న కొబ్బరితాడు, చెమట చేతికి జారదు. పురికొస వద్దు, తడిస్తే చివికిపోతుంది. హార్డ్‌వేరు షాపుల్లో కమ్మీలు కట్టే బైండింగు వైరుతో పట్టకారు పెట్టి మెలేసే పద్ధతి తొందరగా అవుతుంది. రెండు చిక్కులున్నాయి: మెలి ఒక్కటి ఎక్కువైతే మెడ దగ్గర తెగుతుంది, తుప్పు పట్టిన కొస అరచేతిలో గుచ్చుకుంటుంది. వాడేట్టయితే మెలి కొసను సుత్తితో పుల్లల మధ్యకి కొట్టెయ్యండి.

మూడో కట్టు ఎక్కడ వస్తుందన్నదాన్ని బట్టే చీపురు బిరుసు ఉంటుంది. జానెడు దగ్గర ఆపితే కొనలు విచ్చుకుని రాలిన ఆకుల్ని బాగా ఊడుస్తాయి. ఇంకో బెత్తెడు కిందికి నాలుగో కట్టు వేస్తే పాచి గీకేంత గట్టిగా ఉంటుంది, కానీ సన్న దుమ్ము దానికి అందదు. ఒకే చీపురుతో రెండు పనులూ చెయ్యాలనుకోవడం దండగ.

ఇక చీల, అంటే పుల్లలు ఇంకా బిగిసేలా మధ్యలో దించే ముక్క. బాగా ఎండిన వెదురులోంచి చిటికెనవేలు మందం, బెత్తెడు పొడవు ముక్క కోసి ఒక కొస పదును చెయ్యండి. కట్లన్నీ పడ్డాక మొదళ్ల నడిమధ్యలో దించాలి. చీపురు కొనల్ని నేలకి ఆనించి సుత్తి వేస్తే కొనలు విరుగుతాయి. ఒకరు పిడి దగ్గర గట్టిగా పట్టుకుని గాలిలో ఎత్తి ఉంచితే ఇంకొకరు చిన్న చిన్న దెబ్బలు వెయ్యాలి. చీల పక్కకి ఒరిగిందనిపిస్తే వెంటనే తీసి మళ్లీ మొదలుపెట్టండి. అలాగే దించితే ఆ పక్క పుల్లలు చీలిపోతాయి. పచ్చి వెదురు వాడితే అదీ ఆరి సన్నబడుతుంది, మళ్లీ మొదటికొస్తుంది.

మొదళ్లు ఎగుడుదిగుడుగా ఉంటే యాక్సా బ్లేడుతో కోసి, గరుకు కాగితంతో రుద్దండి. కొనలు వాకిలి చీపురుకి అలాగే వదిలెయ్యాలి, ఆ సన్నటి కొనలే ఇసుకని కదిలిస్తాయి. కడుగుడు చీపురుకి మాత్రం రెండంగుళాలు కత్తిరించండి, ఎలాగూ తడికి మొదట రాలేవి అవే.

నడుం వంచలేనివాళ్లకి పొడుగు కర్ర చీపురు కావాలంటే చీల బదులు కర్రే దించాలి. నాలుగడుగుల సరుగుడు కర్ర, అంగుళం మందం, ఒక కొస చెక్కినది. రెండు కట్లే వేసి, కర్రను జానెడు లోపలికి దించాక మూడోది వెయ్యండి. నాలుగు రోజులకి కర్ర లోపల గిర్రున తిరగడం మొదలవుతుంది, దానికి విరుగుడు ముందే చేసుకోవాలి: మొదటి కట్టుకి రెండు వేళ్ల కింద కర్ర గుండా ఒక మేకు అడ్డంగా కొట్టి, మేకు రెండు కొసలకీ వైరు చుట్టాలి. కొట్టే ముందు సన్నగా కన్నం వేసుకోకపోతే సరుగుడు నిలువునా పగులుతుంది.

ఈత ఆకుతో, కొండచీపురు గడ్డితో కట్టాలన్నా తాడు బిగింపు ఇదే. చీల మాత్రం వెయ్యకూడదు, మెత్తటి కాడలు నలిగిపోతాయి. ఈత మట్టలో మొదటి ఆకులు ముళ్లుగా ఉంటాయి, వాటిని కోసేశాకే చెయ్యి పెట్టండి.

వాడకంలో

కట్టిన నెలకి ఒకసారి చూసుకోండి. పిడిని రెండు చేతులతో పట్టి మెలిపెడితే పుల్లలు కదిలినట్టు తెలిస్తే, మొదటి చీల పక్కనే అగ్గిపుల్ల మందం వెదురు పుల్ల ఇంకోటి దించితే చాలు, కట్టు విప్పనక్కర్లేదు. అదే పనిగా మూడోసారి కూడా వదులైతే మాత్రం పుల్లలు ఆరకుండా కట్టినట్టే. విప్పి, రెండు రోజులు ఎండలో వేసి, మళ్లీ దొర్లించి కట్టడమే దారి.

పుల్లలు ఊడకుండా మధ్యలో విరుగుతుంటే కట్టు తప్పు కాదు. కత్తి గాటు పడి ఉండాలి, లేదా వానలో నానిన మట్ట వాడి ఉండాలి. అన్నీ మూడో కట్టు అంచు దగ్గరే విరుగుతుంటే ఆ కట్టు ఒక్కటీ మరీ బిగిసింది. దాన్ని విప్పి, కాస్త సడలించి వేసుకోండి.

చీపురు నిలబెట్టొద్దని ఇంట్లో పెద్దవాళ్లు లక్ష్మీదేవి పేరు చెప్పి అంటుంటారు. కొనల మీద నిలబెట్టిన చీపురు వారంలో ఒక పక్కకి వంగిపోయి తిరిగి రాదు, ఆ మేరకు వాళ్ల మాట వినడమే మంచిది. మొదటి కట్టు కింద ఒక తాడు దూర్చి కొనలు కిందికి వేలాడేలా మేకుకి తగిలించండి. స్నానాలగది చీపురుని రోజూ విదిలించి బయట ఆరనివ్వాలి. తలుపు వెనక తడిగా వదిలేస్తే కట్టు లోపల బూజు పట్టి వాసన వస్తుంది.

అరిగి సగమైన మొండి చీపుర్లు రెండు ఉంటే రెండింటినీ విప్పి, బాగున్న పుల్లలు ఏరి, మొదళ్లు ఒక వైపుకి పెట్టి ఒకటిగా కట్టుకోవచ్చు. పాత పుల్లలు పూర్తిగా ఆరినవే కాబట్టి ఆ కట్టు కొత్తదానికంటే ఎక్కువ రోజులు నిలుస్తుంది. నాలుగు కట్లు వేసి బట్టలుతికే బండ దగ్గర, కాలవ దగ్గర పెట్టుకోండి.